బోదె, ఎత్తు, గుబురు

అనుమసముద్రంపేట పరిసరములలో నిలిచి పడమటి దిక్కునకు చూచినచో దూరమున వెలిగొండల వరుస నీలముగా కానవచ్చును. ఆ కొండలకును మనకును నడుమ గల చెట్లను ఒక్కసారి శ్రద్ధతో పరికింపుడు. చెరువుకట్టల మీదను, బాటల ప్రక్కలను ఉన్న చింతలు, వేపలు పొట్టిగా, లావుగా, నలుదిక్కులకు కొమ్మలు చాచి నిలుచును. మెట్టపొలములలో వరుసలుగా నాటిన జామాయిలు చెట్లు సన్నగా, నిటారుగా పెరుగును; వానికి కొనయందు మాత్రమే పిడికెడు ఆకు. కొండ అడవిలోని చెట్లకు లావును తక్కువే, ఎత్తును తక్కువే. అయినను వాని కొయ్య మిక్కిలి గట్టిది. ఒకే సీమలో, ఇంచుమించు ఒకే వానకు తడిసి, ఒకే ఎండకు ఎండు ఈ చెట్లు ఇన్ని ఆకారములు దాల్చుటకు కారణమేమి?

బడిపిల్లవాడు ఈ ప్రశ్న వేసినచో "దాని జాతి గుణమే అంత, నాయనా" అని చెప్పి ఊరకుందుము. ఆ సమాధానము సగము నిజము మాత్రమే. జాతి ఒకటే అయినను, బయట ఒంటరిగా పెరిగిన వేప ఒక రూపున, గుంపులో పెరిగిన వేప మరియొక రూపున ఉండుట మనము నిత్యము చూచునదే. చెట్టునకు బోదె లావు, నిలువెత్తు, కొమ్మల గుబురు అను మూడు కొలతలు కలవు. ఈ మూడును ఒకదానినొకటి ఎరుగక పెరుగునవి కావు. ఇంటి రాబడి, ఖర్చు, నిలువ అను మూడింటివలె ఒకటి మరియొకదానికి లెక్క చెప్పవలసినదే. ఆ లెక్క తెలిసినవానికి ఒక త్రాడు, ఒక కర్ర చాలును. చెట్టు తన చరిత్రను చాలవరకు తానే చెప్పును. తెలియనివాడు లావు ఒక్కటే చూచి వెలకట్టును. సన్ననిదైన ముసలిచెట్టును లేతమొక్క యని నరకును.

కొలుచు విధము

మొదట బోదె. చెట్టును ఎచ్చట కొలువవలెను? నేలను తాకుచోట వేళ్లు ఉబ్బి యుండుటచే అచ్చటి కొలత నిజమైన లావును చెప్పదు. అందుచేత మనిషి రొమ్ము ఎత్తున కొలుచు ఆచారము ఏర్పడినది. మన అటవీశాఖల లెక్కలో ఆ ఎత్తు నేల నుండి 1.37 మీటర్లు, అనగా నాలుగున్నర అడుగులు. నేల వాలుగా ఉన్నచో మిట్టవైపు నిలిచి కొలువవలెను. ఆ చోట త్రాడు చుట్టి, దానిని కొలబద్దతో సరిచూచినచో చుట్టుకొలత తెలియును. చుట్టుకొలతను 3.14చే భాగించినచో వ్యాసము వచ్చును. చుట్టుకొలత 157 సెంటీమీటర్లు గల చింతమానుకు వ్యాసము 50 సెంటీమీటర్లు.

ఈ త్రాటికొలతకు మన అడవుల చరిత్రలో గొప్ప స్థానము కలదు. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవుల అధికారిగా వచ్చిన డీట్రిచ్ బ్రాండిస్ అడవిలో గీచిన దారుల వెంట సాగిపోవుచు, కనబడిన టేకుచెట్లను చుట్టుకొలతను బట్టి తరగతులుగా విభజించి లెక్కించెను. ఏ తరగతి చెట్లు ఎన్ని కలవో, చిన్న తరగతిలోనివి పెద్ద తరగతికి ఎదుగుటకు ఎన్నేండ్లు పట్టునో తెలిసినచో, ఏడాదికి ఎన్ని చెట్లు తీసినను అడవి తరుగకుండునో తెలియునని ఆయన యూహ. 1864లో ఆయన భారతదేశమునకు తొలి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యెను. శాస్త్రీయముగా అడవిని లెక్కించు పద్ధతి మన దేశమున ఒక త్రాడుతో ఆరంభమైనదనుట అతిశయోక్తి కాదు.

ఇక ఎత్తు. దీనికి నీడయే సాధనము. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు రచించిన గణితసార సంగ్రహమున నీడల లెక్కలకు ప్రత్యేకముగా ఒక ప్రకరణము కలదు. ఆ గ్రంథమును తెనుగు చేసినవాడు పావులూరి మల్లన. ఎండలో మీటరు కర్రను నిట్టనిలువుగా నిలిపి దాని నీడను కొలువుడు. ఆ క్షణముననే చెట్టు నీడను కొలువుడు. కర్ర నీడ 80 సెంటీమీటర్లు, చెట్టు నీడ 9.6 మీటర్లు అయినచో చెట్టు ఎత్తు 12 మీటర్లు. ఇందులో ఒక మెలకువ ఉన్నది. చింతవంటి వెడల్పైన చెట్టునకు నీడ అంచు ఒక్కొక్కప్పుడు శిఖరమునది గాక ప్రక్కకొమ్మది కావచ్చును. కావున ఎండ వాలిన వేళ, సమతలమైన నేలపై, శిఖరపు నీడ ఏదో గుర్తించి, బోదె మొదలు నుండి అచ్చటికి కొలువవలెను.

మూడవది గుబురు. నలుగురు పిల్లలు నాలుగు దిక్కుల చివరికొమ్మల కొనల క్రింద సరిగా నిలువవలెను. ఉత్తరము నుండి దక్షిణమునకు 11 మీటర్లు, తూర్పు నుండి పడమరకు 9 మీటర్లు వచ్చినచో గుబురు వెడల్పు సగటున 10 మీటర్లు. పైన చెప్పిన మన చింతకు బోదె వ్యాసము అర మీటరు గదా! అనగా గుబురు వెడల్పు బోదె వెడల్పునకు 20 రెట్లు. ఎత్తు 24 రెట్లు. ఈ రెండు నిష్పత్తులే ఆ చెట్టు జాతకచక్రము.

ఆకు సంపాదించును, బోదె మోయును

ఈ నిష్పత్తులు ఏలాగున ఏర్పడును? చెట్టునకు అన్నము వండునది ఆకు. ఆకునకు కావలసిన నీటిని పైకి చేర్చునది బోదెలోని సన్నని నాళములు. ఆకు పెరిగినచో నాళములు పెరుగవలెను. నాళములు పెరిగినచో బోదె లావగును. చెట్టు కొమ్మలనన్నింటిని ఒక మట్టమున కూర్చి కట్టినచో వాని లావు బోదె లావునకు సమానమగునని లియోనార్డో డావిన్సీ తన వ్రాతపుస్తకములలో వ్రాసికొనెను. 1964లో జపాను శాస్త్రజ్ఞుడు షినోజాకి తన సహచరులతో కలిసి ఈ భావమును లెక్కలలో నిలిపెను. వారి మతమున చెట్టనగా సన్ననిగొట్టముల మోపు. ఒక్కొక్క గొట్టము ఇంత ఆకునకు నీరందించును. ఒకచోట బోదెను అడ్డముగా కోసినచో ఏర్పడు వైశాల్యమును బట్టి ఆ పైన గల ఆకు పరిమాణమును అంచనా కట్టవచ్చును. గుబురునకును బోదెకును గల బంధుత్వము ఇదియే.

ఇచ్చట ఉపాధ్యాయులు పిల్లలకు మరియొక లెక్క చూపవచ్చును. వైశాల్యము చుట్టుకొలత యొక్క వర్గమును బట్టి పెరుగును. చుట్టు రెట్టింపయిన చెట్టులో, ఎత్తు మారకున్నను, కొయ్య నాలుగు రెట్లుండును. చుట్టుకొలతలో నూటికి పది తప్పు చేసినచో కొయ్య లెక్కలో నూటికి ఇరువదియొక్కటి తప్పు వచ్చును. కలప వ్యాపారమున చుట్టుకొలతలో నాలుగవ వంతును వర్గముచేసి, పొడవుచే గుణించు పాత లెక్క ఒకటి కలదు. అది నిజమైన ఘనపరిమాణములో నూటికి 78.5 వంతులే చూపును. మిగిలినది బెరడునకును, కోతలో పోవు చెక్కలకును విడిచిన తరుగు. నూటికి ఇరువదికి పైగా కొయ్య ఒక సూత్రములో ఎట్లు మాయమగునో తెలిసినచో విద్యార్థికి గణితముపై గౌరవము కలుగకపోదు.

ఎత్తునకు హద్దు

లావు పెరిగినకొలది ఎత్తును అదే పాలున పెరుగునా? పెరుగదు. ఎత్తు, లావు, వెడల్పు మూడును రెట్టింపయిన చెట్టునకు బరువు ఎనిమిది రెట్లగును. బోదె కోత వైశాల్యము నాలుగు రెట్లే అగును. పెద్ద శరీరమునకు చిన్న శరీరపు పాళ్లు సరిపోవని గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. అమెరికా శాస్త్రజ్ఞుడు థామస్ మెక్‌మాన్ 1973లో ఈ విషయమును మహావృక్షముల కొలతలతో పరీక్షించెను. బోదె వ్యాసము ఎనిమిది రెట్లగునప్పటికి ఎత్తు నాలుగు రెట్లయ్యెడి తీరున చెట్లు పెరుగుచున్నవని ఆయన చూపెను. తన బరువుచేత తానే వంగిపోవు ఎత్తులో సాధారణముగా నాలుగవ వంతు దగ్గరనే చెట్టు ఆగును. మిగిలినది గాలివానకు విడిచిన జాగ్రత్త యనవచ్చును.

బరువొక్కటే హద్దు కాదు, నీరును హద్దే. వేరు నుండి శిఖరము వరకు నీటి తీగ తెగకుండ లాగవలెను. ఎత్తు పెరిగినకొలది ఆ లాగుడు కష్టమగును. కాలిఫోర్నియాలోని మంచు తెరల నడుమ 2006లో గుర్తించిన హైపీరియన్ అను చెట్టు దాదాపు 116 మీటర్లు ఎదిగినది. మన నెల్లూరు సీమకు వాన ముఖ్యముగా ఈశాన్య ఋతుపవనముల వలన, అక్టోబరు నుండి డిసెంబరు లోపల వచ్చును. పడమటికి పోనుపోను తగ్గును. పిమ్మట దీర్ఘమైన ఎండకాలము. అట్టిచోట ఎత్తుగా పెరుగుట చెట్టునకు సాహసము. అందుచేత బోదె లావు సమానమైన రెండు చెట్లలో తడిసీమ చెట్టు పొడవు, ఎండసీమ చెట్టు పొట్టి. ఉదయగిరి కొండల మీది చెట్టు పొట్టిదగుట దాని బలహీనత కాదు, వివేకము.

ఇరుగుపొరుగు

ఇప్పుడు జామాయిలు తోటకు వత్తము. అచ్చట ఒక చెట్టు చుట్టుకొలత 47 సెంటీమీటర్లు, ఎత్తు 15 మీటర్లు అనుకొనుడు. వ్యాసము 15 సెంటీమీటర్లు. ఎత్తు వ్యాసమునకు 100 రెట్లు. మన చింతకు 24 రెట్లే గదా! ఈ భేదమునకు జాతి కొంత కారణము. పొరుగు మరికొంత కారణము. దగ్గరదగ్గరగా నాటిన మొక్కలకు ప్రక్కనుండి వెలుగు రాదు. వెలుగు పైనున్నది, కావున పైకే పరుగెత్తవలెను. క్రింది కొమ్మలు నీడకు ఎండి రాలిపోవును. గుబురు చిక్కిపోవుటచే బోదె లావెక్కదు. అట్టి తోటలో ఒక్కసారిగా సగము చెట్లు తీసివేసినచో, ఇంతకాలము ఒకదాని నీడన ఒకటి గాలికి దాగిన సన్నని చెట్లు తొలి గాలివానకే విరుగును.

ఉష్ణమండలపు అడవులలో గుబురు వెడల్పునకును బోదె వ్యాసమునకును గల నిష్పత్తిని డాకిన్స్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1963లో పరిశీలించి ప్రకటించెను. దీని ప్రయోజనము చూడుడు. నిష్పత్తి 20 అనుకొన్నచో, 15 సెంటీమీటర్ల బోదెకు 3 మీటర్ల గుబురు కావలెను; హెక్టారు నేలలో అట్టివి వరుసగా 1,111 చెట్లు పట్టును. బోదె 30 సెంటీమీటర్లు కావలెనన్నచో గుబురునకు 6 మీటర్లు కావలెను. అప్పుడు 277 చెట్లే పట్టును. తక్కినవి ఏమగును? మనము తీయవలెను, లేదా అవియే నీడలో క్రుంగి చావవలెను. పెద్దచెట్లు కావలెను, చెట్ల సంఖ్యయు తగ్గరాదు అను కోరిక లెక్కకు నిలువదు. "ఇన్ని లక్షల మొక్కలు నాటితిమి" అను ప్రకటన చదివినప్పుడు, వానిలో ఎన్నింటికి గుబురు విచ్చుకొనుటకు చోటు విడిచిరో కూడ అడుగవలెను.

లెక్కకు లొంగనివి

ఏ సూత్రమునకైనను అపవాదములుండును. తాటిచెట్టును చూడుడు. ఏటేటా బోదెకు క్రొత్తపొర చేర్చి లావెక్కించు కణపుపొర దానికి లేదు. మొదట లావు సమకూర్చుకొని, పిమ్మట పైకి లేచును. కావున చిన్నతాటికిని ముసలితాటికిని చుట్టుకొలత ఇంచుమించు ఒకటే. త్రాటితో దాని వయస్సు తెలియదు.

మర్రిది మరియొక దారి. ఆత్మకూరు, ఉదయగిరుల నడుమనున్న మర్రిపాడు తన పేరులోనే ఆ చెట్టును దాచుకొన్నది. మర్రి కొమ్మ బరువెక్కినచోట ఊడ దింపును. ఊడ నేలను తాకి తానే బోదె యగును. కదిరి సమీపముననున్న తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకమునకెక్కినది. అది దాదాపు 5 ఎకరముల మేర వ్యాపించినది. ఆ వైశాల్యమును వృత్తముగా భావించినచో వ్యాసము 150 మీటర్లు మించును. ఒక్క బోదెతో అంత గుబురును మోయవలెనన్నచో, 20 రెట్ల లెక్కన ఆ బోదె ఏడు మీటర్లకు మించిన వెడల్పు ఉండవలెను. మర్రి ఆ భారమును వెయ్యికి పైగా ఊడలకు పంచినది. సూత్రమును అది తప్పలేదు, పాలివాండ్రను కూర్చుకొన్నది.

చేవ మాట

మన సీమకు ముఖ్యమైన విషయము ఇక చెప్పవలసియున్నది. వెలిగొండ, పాలకొండ, శేషాచల పర్వతములు ఎర్రచందనమునకు పుట్టినిల్లు. తూర్పు కనుమల ఈ దక్షిణ భాగమున తప్ప ప్రపంచమున మరెచ్చటను అది సహజముగా పెరుగదు. మంచి ఎర్రచందనపు చెట్టైనను సాధారణముగా 10 మీటర్లకు అటునిటుగా ఎదుగును. రాతినేలలో, కొద్దిపాటి వానతో, నెమ్మదిగా పెరుగును. దానికి విలువ తెచ్చునది లోపలి చేవ. ఆ చేవ ఏర్పడుటకు దశాబ్దములు పట్టును. నీటిలో వేసినచో అది మునుగును.

ఒకే చుట్టుకొలత, ఒకే ఎత్తు గల బూరుగునకును ఎర్రచందనమునకును త్రాటిలెక్కలో భేదములేదు. కాని తూకమున రెండవది మొదటిదానికి మూడు రెట్లకు తక్కువ కాదు. అందుచేతనే 2014లో పలు దేశముల శాస్త్రజ్ఞులు ఉష్ణదేశపు చెట్ల బరువునకు కూర్చిన సమీకరణమున వ్యాసము, ఎత్తులతోపాటు కొయ్య సాంద్రతను కూడ చేర్చిరి. ఉదయగిరి పనివాండ్రు చెక్కు కొయ్యగరిటెలు, చెంచాలు చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. ఆ పనికి కొండ మీది చిన్న మ్రాకుల కొయ్య చాలును. అందులో గట్టిదనము ముఖ్యము గాని మాను లావు కాదు.

మన ఉష్ణదేశమున అనేక జాతులకు ఏటి వలయములు స్పష్టముగా ఏర్పడవు. చుట్టుకొలత చూచి వయస్సు చెప్పుట వట్టి ఊహ. తడినేలలో పదేండ్లకు వచ్చు లావు ఈ కొండల మీద అనేక దశాబ్దములకు గాని రాదు. దొంగ గొడ్డలికి ఎర యగునది లావైన చెట్టే. అది పడిపోయినచో మిగిలిన సన్నవి ఆ లావునకు వచ్చుటకు ఒక మనిషి పనిచేయు కాలమంతయు చాలకపోవచ్చును. 1995 నుండి ఎర్రచందనపు అంతర్జాతీయ వ్యాపారముపై కట్టుదిట్టములున్నవి. ప్రకృతి పరిరక్షణ సంఘము దానిని అంతరించు ప్రమాదమునకు లోనైన జాతుల పట్టికలో చేర్చినది.

గొడ్డలి మొదటనే పడవలెనని లేదు. మేకలకు ఆకు కొరకును, తీగలకు అడ్డమనియు ఏటేటా కొమ్మలు నరికిన చెట్టును చూడుడు. బోదె నిలిచియే యుండును. ఎవరును దానిని చంపలేదు. కాని సంపాదించు ఆకు పోయినది. దొరికిన కొద్ది ఆహారమును చెట్టు మొదట క్రొత్త ఆకునకును వేరునకును ఖర్చుపెట్టును. బోదెకు చేరునది కడపటి మిగులు. గుబురు తరిగిన చెట్టు బోదె పెరుగదు. కొమ్మ నరుకుట రేపటి మానును నరుకుటయే. మేకలు గలవాడు బ్రతుకవలదా యన్నచో, బ్రతుకవలసినదే. ఒక ఏడు కొట్టిన చెట్టును కొన్నేండ్లు విడిచి, పైగుబురును ముట్టక, క్రిందికొమ్మలే తీసినచో మేకయు చెట్టును రెండును బ్రతుకును.

ఆకాశము నుండి చూపు

నేడు అడవిని ఆకాశము నుండి చూచుచున్నారు. 1981లో ఏర్పడిన భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహ చిత్రములతో దేశపు అడవిని లెక్కించుచున్నది. నేలలో నూటికి 70 వంతులు గుబురు క్రప్పినచో మిక్కిలి దట్టమైన అడవి. 40 నుండి 70 వరకు మధ్యరకము. 10 నుండి 40 వరకు పలుచని అడవి. పైనుండి కనబడునది గుబురే గాని బోదె కాదు. కావున గుబురును బట్టి బోదెను, బోదెను బట్టి కొయ్యను ఊహించుచున్నారు. ఆ ఊహ నిలుచుటకు నేలపై త్రాటితో కొలిచినవారి లెక్కలే ఆధారము. పైగా ఆ లెక్కలో జామాయిలు తోటయు, మామిడితోటయు, కొండ అడవియు చాలవరకు ఒకే పచ్చదనము. ఆ పచ్చదనములో చేవ ఎంతయో క్రిందనున్నవాడే చెప్పవలెను.

ఆ క్రిందనున్నవాడు మన బడిపిల్లవాడు ఏల కాకూడదు? బడి ఆవరణలోని వేపకో చింతకో 1.37 మీటర్ల ఎత్తున సున్నపు గీత గీయుడు. ఏటేటా ఒకే నెలలో చుట్టు, ఎత్తు, గుబురు కొలిచి, ఒకే పుస్తకమున తేదీతో వ్రాయించుడు. వాన కురిసిన ఏడు, కురియని ఏడు, కొమ్మలు కొట్టిన ఏడు కూడ గుర్తుపెట్టింపుడు. ఒక తరగతి వెళ్లిపోయి మరియొక తరగతి వచ్చును. పుస్తకము మాత్రము నిలుచును. పదేండ్లకు ఆ చెట్టు ఏ ఏట కడుపునిండ తిన్నదో, ఏ ఏట పస్తున్నదో ఆ అంకెలే చెప్పును. దానిని చదివిన పిల్లవాడు పెద్దవాడై చెట్టు ముందు గొడ్డలితో నిలిచిన నాడు, చేయి ఎత్తుటకు ముందు ఒకసారి పైకి, గుబురు వైపు చూడకపోడు.